మొదటి ఆప్షన్

చొప్పదండి దాటగానే ఫోను మోగింది. రుచిత. ఎత్తలేదు. ఎత్తడానికి అడ్డమేమీ లేదు, కిటికీ పక్క సీటు దొరికింది, బ్యాగు ఒళ్ళో ఉంది, ఫోను బ్యాగు మీదే వెలుగుతోంది, తెర మీద మా చెల్లె పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఫోటో, అది కూడా నేను తీసిందే, పోయిన దసరాకు. మోగనీ అనుకున్నాను. మోగి మోగి దానంతటదే ఆగింది. టైము నాలుగూ ఐదు. ఐదింటికి కాలేజీ సీట్ల ఆప్షన్లు మూసేస్తారు. ఈ బస్సు లక్సెట్టిపేట చేరేసరికి ఐదుంబావు దాటుతుంది, ఆ సంగతి బస్సెక్కక ముందే చూసుకున్నాను, అబద్ధమెందుకు. కరీంనగర్ బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను. ఆడవాళ్ళకు టికెట్టు లేదన్నప్పటి నుంచి బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండటం లేదు కదా, రద్దీగా ఉంది, ఎక్కలేకపోయాను అంటే ఎవరు కాదంటారు? మొదటి బస్సులో నిజంగానే సందు లేదు. రెండో దాంట్లో సీటు కూడా ఉంది. కండక్టరు ఎక్కమ్మా అని పిలిచాడు కూడా. నేను మంచినీళ్ళ సీసా కొనుక్కునేదానిలాగా దుకాణం వైపు తిరిగి నిలబడ్డాను, బస్సు పోయేదాకా. సీసా మాత్రం కొనలేదు.

రుచిత నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. దానికి జడలు వేసింది నేను, పలక మీద అక్షరాలు దిద్దబెట్టింది నేను, బడికి పోనని మంచం కోడు పట్టుకుని ఏడిస్తే వీపు మీద ఒకటిచ్చి తీసుకుపోయింది కూడా నేనే. ఇప్పుడు అది డిగ్రీ పూర్తి చేసి, పీజీ ఎంట్రన్స్ రాసి, బాటనీలో నాకు అప్పట్లో వచ్చిన దానికంటే మంచి ర్యాంకు తెచ్చుకుని, హైదరాబాదు యూనివర్సిటీకి పోతానంటోంది. పోతే పోనీ, ఎంతమంది పోవడం లేదు. కానీ ర్యాంకు వచ్చిన రోజు ఫోనులో అది పెట్టిన కేకకు నేను ఓహో, మంచిగైంది అని, ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి పొద్దున తోమిన గిన్నెలనే మళ్ళీ తోమాను. మా ఆయన శ్యాంసుందర్ గుమ్మంలో నిలబడి ఏమైందని అడిగాడు. చెల్లెకు ర్యాంకు వచ్చిందన్నాను. సంతోషంతో గిన్నెలు తోముతారా ఎవరైనా? ఆయనకు అర్థం కాలేదు, లేదా అర్థమయ్యే ఊరుకున్నాడు. కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టి ముస్తాబు చేయడం నాకు చేతకాదు. సొంత చెల్లెను చూసి కుళ్ళుకునేది కూడా ఉంటుందా అంటే ఉంటుంది, ఇదుగో, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంది, బడిలో పిల్లలకు సైన్సు చెప్పి వస్తోంది, కాటన్ చీర కట్టుకుంది.

పొద్దున బాపు ఫోను చేశాడు. ఆయన తనంతట తాను ఫోను చేయడమే తక్కువ. చెల్లె ఆప్షన్లకు ఇయ్యాల్నే ఆఖరట, శనివారం నీకు ఒంటిపూట బడే గద, నువ్వు పక్కకుంటె దానికి ధైర్యముంటది, రా బిడ్డా అన్నాడు. దానికి ధైర్యమట. నా ధైర్యం సంగతి మా ఇంట్లో తెలిసింది ఆయనకొక్కడికే, ఆయనే ఆ మాట అంటే ఏం చెప్పను, సరే బాపూ వస్తా అన్నాను. ఆయన ఏ మెలికా పెట్టి అనలేదు. మెలికలు పెట్టడం మా బాపు హనుమండ్లుకు రాదు, వస్తే బాగుండేది, నాకు కోపమన్నా వచ్చేది.

ఈ ఆప్షన్లంటే పెద్ద విద్య కాదు. కంప్యూటర్లో కాలేజీలన్నీ ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టుకోవాలి. మా దిక్కు పిల్లలంతా ఇక్కడ ఒకటే తప్పు చేస్తారు. తప్పకుండా వచ్చేదాన్ని ఒకటో నంబరులో పెట్టి, ఆశ ఉన్నదాన్ని అడుక్కు తోస్తారు. పెద్దదాన్ని ముందు పెడితే అది రాకపోగా చేతికందేది కూడా జారిపోతుందని భయం, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అదే నూరిపోస్తారు, మన తాహతు చూసుకుని మనం ముందే తగ్గితే ఎవరికీ కోపం రాదన్నట్టు. నిజానికి కంప్యూటరు పైనుంచి కిందికి వస్తుంది. ఒకటోది నీ ర్యాంకుకు దొరికితే అక్కడే ఆగిపోతుంది, దొరక్కపోతే రెండోదానికి దిగుతుంది, ఏదీ ఎక్కడికీ పోదు. మనసు ఏది కోరుకుంటే అదే పైన పెట్టాలి. ఈ సంగతి ఎంతమందికి చెప్పానో. మొన్న ఇచ్చోడ నుంచి ముక్కూమొహం తెలియని పిల్ల ఎవరో నంబరు పట్టుకుని ఫోను చేస్తే అరగంట కూర్చుని చెప్పాను. మూడు రోజుల కింద సొంత చెల్లె అడిగితే మాత్రం, కరీంనగర్ ముందు పెట్టు, అది పక్కా, హైదరాబాదు తర్వాత సంగతి అన్నాను. ఎంత మెత్తగా వచ్చిందో ఆ మాట, నెత్తి నిమిరి చెప్పినట్టే వచ్చింది. పెద్దది రాక ఉన్నది కూడా పోతే ఏం చేస్తవే అని బెదిరించాను కూడా. నువ్వు జెప్తె గంతే అక్కా అని అది అట్లాగే పెట్టేసి సేవ్ చేసుకుంది. కరీంనగర్ ఏమైనా తక్కువ చదువా? తక్కువ కాదు. మా ఇంట్లోనే ఉండి రోజూ పోయి రావచ్చు, సాయంత్రం ఇంటికొచ్చి నాతోపాటు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చోవచ్చు, ఇంకో రెండేళ్ళు నా కళ్ళ ముందరే ఉంటుంది. నా కంటే ఒక్క అడుగు కూడా ముందుకు పోకుండా ఉంటుంది. చివరి మాట ఆ రోజు నాకు నేను కూడా చెప్పుకోలేదు, ఇప్పుడు బస్సులో చెప్పుకుంటున్నాను.

ఫోను టింగుమంది. ఓటీపీ. ఆరంకెలు. ఒకసారి పెట్టిన ఆప్షన్లను మళ్ళీ తెరవాలంటేనే ఓటీపీ కావాలి, అంటే అది తెరుస్తోంది, అంటే ఎవరో చెప్పారు దానికి. ఎవడా చెప్పినవాడు, ఎవరి పని వాళ్ళు చూసుకోరేం. ఓటీపీ దానికి రాదు, నాకే వస్తుంది. ఎండాకాలంలో అప్లికేషను మా ఇంట్లోనే కూర్చుని నింపాము, కూలర్ ముందర, పుచ్చకాయ తింటూ. ఫోను నంబరు గడి దగ్గరికి రాగానే, నీ సిమ్ము రీఛార్జి లేక నెలకు పది దినాలు పండుకుంటది, నాది పెడుతున్నా అన్నాను. అది పుచ్చకాయ గింజలు ఉమ్ముతూ తలూపింది. అప్పుడు నా మనసులో ఏమీ లేదు, ఒట్టు. దాని పనులన్నీ నా చేతి మీదుగా జరగాలని ఒక అలవాటు, అంతే. మెసేజి కింద ఇంగ్లీషులో రాసి ఉంది, దీన్ని ఎవరితోనూ పంచుకోవద్దని, పది నిమిషాలే చెల్లుతుందని. సర్కారే చెప్పొద్దంటుంటే నేనెందుకు చెబుతాను అనుకుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకే నచ్చలేదు. పక్క సీట్లో చొప్పదండిలో ఎక్కిన ముసలమ్మ నా వంక చూసి తనూ కొంచెం నవ్వింది, బోసినోటితో.

లక్సెట్టిపేటలో నన్ను వర్సిటీ అక్క అంటారు. ఎనిమిదేళ్ళుగా అదే పేరు. జూన్ వస్తే చాలు, పిల్లలు ఫోన్లు చేస్తారు, పండక్కి పోతే ఇంటికే వస్తారు, తల్లినో తండ్రినో వెంటేసుకుని. హాస్టల్ల రూముకు ఎంతమంది అక్కా. నీళ్ళొస్తయా. రాగింగ్ ఉంటదా. బతుకమ్మకు ఇంటికి పంపుతరా. ఇంగ్లీష్ రాకపోతే నవ్వుతరా. ఒకామె, బీడీలు చుట్టి పిల్లను చదివించుకున్న మనిషి, నా చేయి పట్టుకుని, సాయంత్రమైతే ఆడిపిల్లలు ఒంటిగ తిరుగుతరా బిడ్డా అని అడిగింది. తిరుగుతారు అన్నాను, ఏమీ కాదు, గేటు ఎనిమిదింటికి మూస్తారు, వార్డెన్ అరుస్తుంది గానీ మనసు మంచిది, ఆదివారం మెస్సులో చికెన్ పెడతారు, మనిషికి రెండు ముక్కలు, వడ్డించే ఆమెను పెద్దమ్మా అని పిలిస్తే మూడు, పరీక్షల ముందు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని చదువుకుంటాము, వర్షం పడితే లైబ్రరీ మెట్ల మీద కూర్చుని బజ్జీలు తింటాము. చెబుతుంటే వాళ్ళ మొహాలు విప్పారేవి. నాకే కళ్ళల్లో నీళ్ళొచ్చేవి ఒక్కోసారి, అంత బాగా చెప్పేదాన్ని. రుచిత చిన్నప్పుడు గడప మీద కూర్చుని అవన్నీ వినేది, నోరు తెరుచుకుని. బాపు మాత్రం నేను మొదలుపెట్టగానే గొడ్ల కొట్టం వైపు పోయేవాడు.

మళ్ళీ మోగింది. ఆగింది. ఇంకో ఓటీపీ. దాని వెంట వాట్సాపులో రుచిత గొంతు పంపింది. వినకూడదనుకుంటూనే ఫోను చెవికి ఆనించాను. "అక్కా, ఏడున్నవే? బస్సులున్నవా? నేను అంజన్న నెట్ సెంటర్ల ఉన్న. మనం మొత్తం ఉల్టా పెట్టినమట. కరీంనగర్ ఒకట్ల ఉంటె నా ర్యాంకుకు గదే పడ్తదట, హైదరాబాద్ దాంక రానే రాదట. నీకు గూడ తెల్వకపాయె పాపం. ఓటీపీ వచ్చింది సూడు, జర జల్ది చెప్పవే." వెనక ఫ్యాను గరగరా తిరుగుతున్న చప్పుడు, ఎవరో ప్రింటు తీస్తున్న చప్పుడు. మళ్ళీ విన్నాను. నీకు గూడ తెల్వకపాయె పాపం. దానికి నా మీద అనుమానమే లేదు. నాకు తెలియదనుకుంటోంది, జాలిపడుతోంది. అంతకంటే అది నన్ను తిట్టినా బాగుండేది. నాకు తెలియకపోవడమేమిటి, ఈ జిల్లాలో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు, అని పాపమన్న మాటకు ఒళ్ళు మండింది ముందు, సిగ్గు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. రెండో ఓటీపీకి కూడా పది నిమిషాలు నడుస్తున్నాయి.

ముసలమ్మ ఇక ఊరుకోలేకపోయింది. ఆమె పేరు శంకరవ్వట, రాయపట్నంలో బిడ్డ ఇంటికి పోతోంది, ఎక్కినప్పుడే చెప్పింది నేను అడగకుండానే. "ఎత్తరాదు బిడ్డా. ఇంటికాడ ఎవలకేమైందో ఏమో" అంది. సిగ్నల్ లేదవ్వా అన్నాను. లేదంటే ఎట్లా మోగుతోంది అని ఆమె అడగలేదు, కానీ నా ఫోను వంక, నా వంక చూసి, ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను ఫోను తెరిచి విమానం బొమ్మ మీద వేలు పెట్టాను. అంతే, మోగదు, టింగుమనదు. ఆ తర్వాత ఎవరడిగినా చెప్పొచ్చు, ధర్మారం నుంచి టవరే లేదే, ఏం చేసేది అని. టైము నాలుగూ ఇరవై నాలుగు. ఇటువైపు వరి నాట్లు పడుతున్నాయి, పొలాల్లో నీళ్ళు మెరుస్తున్నాయి, ఆడవాళ్ళు నడుములు వంచి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. బడిలో సోమవారం యూనిట్ టెస్టు, ప్రశ్నపత్రం ఇంకా రాయలేదు, ఆరో తరగతికి ఆకు భాగాలు అడగాలి, ఆకు, కాడ, ఈనెలు. ఈనెలంటే ఎండిన ఆకులు గుర్తొచ్చాయి, ఆ గది గుర్తొచ్చింది.

యూనివర్సిటీలో మూడో రోజు చూపించారు ఆ గది. పొడుగ్గా ఉంటుంది, గోడల నిండా ఇనుప బీరువాలు, కిటికీలు మూసి ఉంటాయి, కలరా ఉండల వాసన. బీరువా తెరిస్తే అట్టల మీద కుట్టిన ఎండు మొక్కలు, ఒక్కోదాని కింద చిన్న కాగితం, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఏరారో. ఒకదాని కింద ఆదిలాబాదు అడవి అని ఉంది. ఎన్నేళ్ళ కింద ఎవరు కోశారో, ఆకు ఇంకా ఆకులాగే ఉంది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రుచితకు ఈ గది గురించి పదిసార్లు చెప్పి ఉంటాను, పడుకునేముందు కథలాగా చెప్పించుకునేది. అది బాటనీ తీసుకున్నది అందుకే, హైదరాబాదు హైదరాబాదు అని కలవరించేది అందుకే. అక్కడికి పోతే అది మొదట ఆ గదికే పోతుంది, ఆ బీరువా ముందు నిలబడుతుంది, రేపో ఎల్లుండో ఆ బీరువాల తాళం చెవి దాని చేతికే ఇస్తారు.  నేను చెప్పిన వాటిల్లో నిజం ఆ గదొక్కటే. మిగతావన్నీ, చికెన్ ముక్కలు, లైబ్రరీ మెట్లు, వర్షం, బజ్జీలు, ఒక్కటీ నాది కాదు. నేను ఆ యూనివర్సిటీలో ఉన్నది పదకొండు రోజులు.

పదకొండు. అవన్నీ మమతారాణి బతుకు. ఇచ్చోడ పిల్ల, నా పక్క మంచం, తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడేది, తలకు నూనె పట్టించుకుంటూ పాటలు పాడేది. నేను వచ్చేశాక రెండేళ్ళు వారం వారం ఫోను చేసి ఏం జరిగిందో చెప్పేది, పాపం, నేను చదువు పోగొట్టుకుని కుమిలిపోతున్నానని. నేను విని విని, అది నాకే జరిగిందన్నట్టు ఊళ్ళో చెప్పేదాన్ని. అక్కడికి పోయొచ్చినదాన్ని ఊళ్ళో నేనొక్కదాన్నే, ఎన్నాళ్ళున్నానో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఆమె ఆదిలాబాదులో లెక్చరరు. పిల్లలను అడవికి తీసుకుపోయి మొక్కలు చూపించే ఫోటోలు పెడుతుంది. చూసినట్టు తెలియకుండా చూస్తాను. నన్నెవరూ అక్కడ ఏమీ అనలేదు, అదీ సంగతి. నా భాషకు నవ్వలేదు, ఏడిపించలేదు, వార్డెన్ మంచిదే. అయినా నాలుగో రోజు నుంచి అన్నం లోపలికి పోలేదు. మెస్సులో అంతమంది మధ్య కూర్చుంటే, నేను తిన్నానో లేదో ఎవరికీ పట్టదు అనిపించేది. తినలేదా బిడ్డా అని ఒక్కరైనా అంటే తినేదాన్నేమో. క్లాసులో అర్థమైంది కూడా అర్థం కానట్టుండేది. బాత్రూములో నల్లా తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. పదకొండో రోజు పొద్దున బాపుకు ఫోను చేసి నన్ను తీస్కపో అన్నాను. జ్వరమా అన్నాడు. కాదు, తీస్కపో అన్నాను. ఆయన దొరికిన బస్సెక్కి మధ్యాహ్నానికల్లా వచ్చాడు, అవ్వ, అంటే మా అమ్మ, చేసిన సర్వపిండి గుడ్డలో మూటగట్టుకుని. మమత అది తింటూ, ఇంకో పది దినాలు ఓపిక పట్టు రమా, అందరికీ ఇట్లనే ఉంటది అంది. గేటు దగ్గర బాపు ట్రంకుపెట్టె కింద పెట్టి, ఇంకోసారి ఆలోచిస్తవా బిడ్డా అన్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన పెట్టె ఎత్తుకున్నాడు.

బస్సు సిద్దిపేట దాటింది. అప్పుడు బాపు నా వంక చూడకుండా అన్నాడు, "ఎవలన్న అడిగితె నేనే తీస్కచ్చిన అని జెప్పు. ఆడివిల్ల గంత దూరం ఎందుకని నేనే బంద్ చేపిచ్చిన అను. నన్నంటె నాకేం గాదు." నేను సరే అన్నాను. ఎంత తొందరగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. ఊరంతా నమ్మింది, నమ్మకేం, అలాంటి తండ్రులు ఎంతమంది లేరు. హనుమండ్లు మూర్ఖుడు, బంగారం లాంటి పిల్ల చదువు చెడగొట్టిండు అని హోటల్ దగ్గర ఆయన మొహం మీదే అనేవాళ్ళు, ఆయన చాయ్ తాగి లేచి వచ్చేవాడు. మా అత్తగారు కూడా అన్నది, మా ఆయనకు కూడా అంతే తెలుసు. అవ్వకు తెలుసేమో, అడగలేదు. రుచితకు అప్పుడు పదమూడేళ్ళు, అది ఆ కథ మీదే పెరిగింది. రెండు నెలల కింద ఎంట్రన్స్ ఫీజు కట్టేటప్పుడు బాపు ఏదో తటపటాయిస్తే, దూరం కదా అనో ఏదో, అది లేచి నిలబడి, "అక్కను ఆపినట్టు నన్ను గూడ ఆపుతవా బాపూ" అన్నది. నేను అక్కడే ఉన్నాను, చాటలో బియ్యం ఏరుతున్నాను. బాపు నా వంక చూస్తాడనుకున్నాను. చూడలేదు. చెప్పులేసుకుని పొలం దిక్కు పోయాడు. నేను బియ్యంలో లేని రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. సాయంత్రం ఆయనే వచ్చి, పో బిడ్డా, ఏడికి పోతె ఆడికి పో అని రుచితతో అన్నాడు.

నా కుళ్ళు ర్యాంకు మీద కాదు, అది నాకు తెలుసు. అది పోయి అక్కడ ఉండిపోతే? పన్నెండు రోజులు, ఇరవై, రెండేళ్ళు ఉండిపోతే? అదే ఇల్లు, అదే బాపు, అదే అవ్వ చేతి సర్వపిండి, అదే బస్సు, అదే మెస్సు. మరి నన్ను ఆపిందెవరు అని ఎవరైనా అడిగితే? ఎవరూ అడగరులే, నాకే నేను జవాబు చెప్పుకోవాలి రోజూ. అందుకే అది కరీంనగర్‌లో ఆగిపోవాలి. ఆగిపోతే మేమిద్దరం ఒకటి, అదృష్టం బాగాలేని అక్కచెల్లెళ్ళం, ఎంత బాగుంటుంది. అల్లుకుంటూ పోతున్నాను నాలో నేను, ఐదు దాటుతుంది, నేను ఇంటికి పోతాను, అయ్యో టవర్ లేదే అంటాను, రుచిత ఏడుస్తుంది, పక్కన కూర్చుని నెత్తి నిమురుతాను, పది రోజులకు సీట్ల జాబితా వస్తుంది, కరీంనగర్, ఊళ్ళో అడుగుతారు, అంత ర్యాంకు వచ్చి ఇక్కడెందుకు అని. ఏం చెబుతాము? అక్కడ నా ఆలోచన టక్కున ఆగింది. చెప్పాల్సిన పని లేదు. ఊరే చెప్పుకుంటుంది, హనుమండ్లు చిన్నదాన్ని కూడా ఆపిండు అని. బాపు కాదనడు. చాయ్ తాగి లేచి వస్తాడు. పెద్దది మాటపడకూడదని ఎనిమిదేళ్ళ కింద ఎత్తుకున్న మాటను మళ్ళీ ఎత్తుకుంటాడు, ఈసారి చిన్నదాని కోసం కూడా కాదు, నా కోసమే, నేనేం చేశానో ఆయన కనిపెట్టేస్తాడు, అయినా నోరు విప్పడు. చిన్నది మాత్రం ఆయనతో జన్మలో మాట్లాడదు.

బస్సు ఆగింది. రాయపట్నం. శంకరవ్వ మూట చంకన పెట్టుకుని లేస్తూ, "సిగ్నల్ వచ్చిందేమో సూడు బిడ్డా" అని దిగిపోయింది. ఎగతాళికి అన్నదో, నిజంగానే అన్నదో. టైము నాలుగూ నలభై నాలుగు. విమానం బొమ్మ తీసేశాను. గోదావరి మీదికి బస్సు ఎక్కుతుంటే టవరు కోసం ఫోను వెతుక్కుంటోంది, ఒక గీత వస్తుంది, పోతుంది. ఇంతసేపు కావాలని కూర్చున్నదాన్ని ఇప్పుడు ఒక్క నిమిషం ఆగలేకపోతున్నాను, ఏం మనిషినో. వచ్చింది. తొమ్మిది మిస్డ్ కాల్సని మెసేజీలు. ఎనిమిది రుచితవి, ఒకటి బాపుది. నేనే చేశాను. సగం రింగుకే ఎత్తింది. ఏడుపు గొంతు. ఏడికి వోయినవే అంటుంటే, మళ్ళీ ఓటీపీ పంపించు అన్నాను. వచ్చింది. చదివాను, నాలుగు, సున్నా, తొమ్మిది, రెండు, రెండు, ఏడు. ఇంకోసారి చదివాను. లోపలికచ్చింది అక్కా అన్నది. మౌసు చప్పుళ్ళు వినబడుతున్నాయి. హైదరాబాద్ పైకి జరుపుతున్న అన్నది. కింద నీళ్ళు వెడల్పుగా, బురద రంగులో, కదులుతున్నాయో లేదో తెలియకుండా ఉన్నాయి. జరుపుతూనే అడిగింది, "నువ్వు గూడ గట్లనే అనుకున్నవా అక్కా, పక్కాది ముందుగాల పెట్టాలె అని?"

అవును అంటే అయిపోయేది. అది ముందే నాకు దారి వేసి పెట్టింది. "అనుకోలే" అన్నాను. "నాకు తెల్సు. ఓర్వలేక జెప్పిన." మౌసు చప్పుడు ఆగింది. గిదేం మాటనే అన్నది. ముందు సీట్లో మనిషి వెనక్కి తిరిగి చూశాడు, చూడనీ అనుకున్నాను, గొంతు తగ్గించలేదు, తగ్గిస్తే మళ్ళీ రాదని భయం. "బాపు నన్ను తీస్కరాలే రుచితా. నేనే ఫోన్ జేసి రమ్మన్న. పదకొండు దినాలకే. బాపు మాటవడ్డడు, నేను పడనిచ్చిన."   అప్పుడు ఇంకో గొంతు, కొంచెం దూరం నుంచి, నెట్ సెంటర్లో ఫోను స్పీకర్లో పెట్టి ఉందని, పక్క కుర్చీలో బాపు ఉన్నాడని నాకేం తెలుసు. "గవన్ని ఇప్పుడెందుకు బిడ్డా" అన్నాడు బాపు. "టైమైతుంది. ముందుగాల సేవ్ కొట్టనియ్యి దాన్ని."

సేవ్ కొట్టింది. నాలుగూ యాభై రెండుకు నా ఫోనుకే మెసేజి వచ్చింది, ఆప్షన్లు భద్రమైనాయని. ఫోను ఇంకా అది పెట్టేయలేదు. స్పీకరు తీసేసినట్టుంది, బయటికి వచ్చినట్టుంది, రోడ్డు చప్పుడు, ఆటోల హారన్లు. తిడుతుందని చూస్తున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.  అది ముక్కు ఎగబీల్చి, నెమ్మదిగా, అందరు పిల్లలు అడిగినట్టే అడిగింది, "ఏమైందే అక్కా ఆడ? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవ్వలేమనలే. అందరు మంచోల్లే" అన్నాను. "మొదటినాడు బాగనే ఉంటది. రెండోనాడు ఇల్లు యాదికొస్తది. నాలుగోనాడు బువ్వ సగం ఇడిసిపెడ్తవు. వారం దినాలకు బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తవు, ఎవ్వలకు ఇనవడకుంట. అందరు గట్లనే ఏడుస్తరట, మమత గూడ ఏడ్చిందట, నాకు తర్వాత జెప్పింది. పదకొండోనాడు బాపుకు ఫోన్ జెయ్యబుద్ధైతది."

"మరి పన్నెండోనాడు?"

"అది నాకు తెల్వదు" అన్నాను. "నువ్వే ఉండి సూసి నాకు జెప్పు."

సరే అన్నది. అంత తేలిగ్గా సరే అన్నది. దాని ఆ పన్నెండో రోజు మీద అప్పుడే నాకు మళ్ళీ కుళ్ళు మొదలైంది.